పరీక్షించబడినవి

మార్చి 3

ఈ డైరీ పురుగుమందుల కంపెనీది. మా ఆయన కొట్టుకి ఏటా ఒక కట్ట వస్తుంది. రైతులకు పంచగా మిగిలింది నా మొహాన కొడతాడు. ప్రతి పేజీ అడుగున మిరపకి ఏ తెగులొస్తే ఏ మందు కొట్టాలో అచ్చువేసి ఉంది. ఈ పేజీకి ఆకుముడత వచ్చింది. నా రోగానికి మందు ఏ పేజీలో ఉందో వెతుక్కోవాలి.

రోజంతా ఇంగ్లీషు దిద్ది దిద్ది ఇంటికొచ్చాక, నా కోసం నాలుగు తెలుగు ముక్కలు రాసుకోకపోతే పిచ్చెక్కేటట్టుంది. పేరుకి ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు అసిస్టెంట్ ప్రొఫెసర్ని. చేసేది చాకిరేవు పని. ఏ డిపార్ట్‌మెంట్ వాడు పేపర్ రాసినా, రిపోర్ట్ రాసినా, ఆఖరికి సెలవుచీటీ రాసినా ఉతకడానికి నా బల్ల మీదికే వస్తుంది. ఇదివరకు తప్పుల ఇంగ్లీషు వచ్చేది, దిద్దేదాన్ని. ఇప్పుడందరూ ఫోన్లో ఏఐతో రాయించుకొస్తున్నారు. మిషన్ రాసిందని రీసెర్చ్ పత్రికల వాళ్ళు తిప్పికొడుతున్నారు. అందుకని మిషన్ రాసిన చక్కటి ఇంగ్లీషును మనిషి రాసినట్టు చెడగొట్టడం నా కొత్త డ్యూటీ. ఎమ్మే చదివింది ఇందుకు కాబోలు.

మార్చి 6

ప్రిన్సిపాల్‌గారు నా చేత స్టాఫ్ అందరికీ క్లాసు పెట్టించారు. రీసెర్చ్ రిపోర్టుల్లో క్రియలు ఎలా వాడాలి అని. ఎలక్ట్రానిక్స్ వాళ్ళ పేపర్లో పేజీకి రెండు 'రివీల్డ్'లు. ఏం రివీల్ చేశారయ్యా అంటే, కరెంటిస్తే మోటారు తిరుగుతుందని.

నేను మాత్రం శ్రద్ధగానే చెప్పాను. కొలిచింది 'మెజర్డ్' అని రాయండి, లెక్కగట్టింది 'క్యాలిక్యులేటెడ్' అని రాయండి, అంచనా వేసింది 'ఎస్టిమేటెడ్' అని ఒప్పుకోండి. ఒకరి మాటని 'స్టేటెడ్' అంటే చెప్పారని. 'క్లెయిమ్డ్' అంటే చెప్పారుగానీ మేం నమ్మడంలేదని. ఒక్క క్రియతో మనిషిని దొంగని చెయ్యొచ్చు, జాగ్రత్త. రిపోర్టులో క్రియ అంటే సాక్షి సంతకం.

సాక్షి సంతకం అన్నప్పుడు వెనక వరసలో ఎవరో గురక పెట్టారు. ముందు వరసలో సివిల్ లెక్చరర్ సాదియా ఒక్కతే రాసుకుంటోంది.

మార్చి 12

ఇవాళ ఆ సాదియానే రిపోర్ట్ తెచ్చింది. పిడుగురాళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న ఇక్బాల్ హైవే పక్కన లారీలు బాగుచేస్తాడు. ఈ కాలేజీలో నన్ను మేడమ్ అనకుండా అక్కా అనేది అదొక్కతే, అదీ ఎవరూ లేనప్పుడు. సున్నపుబట్టీల దగ్గర గుట్టలుగా పారబోసే వేస్టుని సిమెంటులో కలిపి ఇటుకలు చేసే ప్రాజెక్ట్. ఆలోచన సాదియాది. మొదటి పేరు హెచ్‌ఓడీ నాగభూషణరావుగారిది. మా దగ్గర అది మామూలే.

మధ్యలో ఒక పట్టిక ఉంది. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానిన తర్వాత ఇటుకల బలం ఇంత, అని. దాని కింది వాక్యంలో క్రియ ఉండాల్సిన చోట ఖాళీ వదిలేసింది.

"ఏందే ఇది, క్రియ మింగేశావు?" అన్నాను.

"ఏం రాయాలో తెలీక వదిలేశానక్కా. మీరే పెట్టండి."

"టెస్టెడ్ పెట్టనా? మిషన్లో పెట్టి పగలగొట్టారుగా?"

తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఏడు రోజులకే పగలగొట్టామక్కా. గోనెపట్టాలు కప్పి బక్కెట్లతో నీళ్ళు చల్లాం, అంతే. నానబెట్టాలంటే నీళ్ళేయి? బోరు ఎండిపోయింది. ట్యాంకర్ నీళ్ళు హాస్టల్‌కే చాలట్లా. మా ల్యాబ్ తొట్లో బల్లులు తిరగతన్నాయి. ఏడు రోజుల లెక్కని ఒకటిన్నరతో గుణించి వెయ్యమన్నాడు సారు. సిమెంటుకి అట్టా వేస్తారంట."

"వేస్తే ఏం పోయింది?"

"ఇది ఉత్త సిమెంటు కాదు గదక్కా, సున్నం. లోపల మాడిపోయిన బెడ్డలుంటాయి. అవి ఒకపట్టాన చల్లారవు. పొడిగా ఉన్నన్నాళ్ళు రాయే. నీళ్ళు బాగా దిగినాక ఉబ్బుద్ది, పగులుద్ది. మా ఊళ్ళో బళ్ళోకి పొయ్యే పిల్లోడికి గూడా తెలుసు. అందుకే నానబెట్టి చూద్దాం సార్ అని మొత్తుకున్నా. విన్లా."

అయితే ఇక్కడ పెట్టాల్సింది టెస్టెడ్ కాదు, ఎస్టిమేటెడ్. అడిగాను కాబట్టి తెలిసింది. అడక్కపోతే హాయిగా టెస్టెడ్ పెట్టేసి ఇంటికొచ్చేదాన్ని. ఎందుకొచ్చిన దిక్కుమాలిన అలవాటు నాకు, అడగడం.

మార్చి 13

ఎస్టిమేటెడ్ పెట్టి పంపాను. చూద్దాం.

మార్చి 14

చూడ్డానికి ఒక పూట కూడా పట్టలేదు. నాగభూషణరావుగారు పిలిపించారు. ఎదురుగా కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి మరీ.

"అమ్మా పూర్ణిమా, ఎస్టిమేటెడ్ ఏందమ్మా? పెళ్ళిచూపుల్లో పిల్లోడి జీతమెంతంటే 'సుమారుగా ఇంతుండొచ్చండీ' అన్నట్టు లేదూ?"

"టెస్ట్ చెయ్యలేదేమో అనిపించింది సార్."

మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. పట్టిక చూస్తే అలా అనిపించింది."

సాదియా పేరు రానివ్వలేదు. ఆ పిల్లని కాపాడాను. ఆమాత్రం తెలివి ఉంది నాకు.

ఆయన మొహం విప్పారింది. "చూడమ్మా, వచ్చే నెల తనిఖీకి కమిటీ వస్తంది. ఆడపిల్లల బస్ షెడ్డుకి ఈ ఇటుకలతోనే గోడ కట్టిస్తన్నాం. మన పల్నాడు వేస్టు, మన ఇటుక, మన గోడ. అట్టాంటప్పుడు రిపోర్ట్ గట్టిగా ఉండాల. అన్నట్టు, నీ ప్రమోషన్‌కి పేపర్లు తక్కువైనయ్యని విన్నా. దీంట్లో మూడో పేరు నీదే పెడదాం. ఇంతింత చాకిరీ చేస్తన్నావు, ఆ మాత్రం న్యాయం జరగొద్దూ?"

తొమ్మిదేళ్ళుగా ఉతుకుతున్నాను ఈ కాలేజీలో. న్యాయం అన్న మాట ఇవాళే విన్నాను. వినగానే ఒళ్ళు చల్లబడింది. ఛీ. కానీ చల్లబడింది, ఏం చెయ్యను.

మార్చి 15

మా ఆయన వెంకటేష్‌గారికి చెప్పాను. కొట్టు తెరిచే హడావిడిలో ఉన్నాడు.

"ఏమే, సరుకు తయారుచేసింది నువ్వా?"

"కాదు."

"అమ్మేది నువ్వా?"

"కాదు."

"మరింకేంది? లేబుల్ అంటిస్తన్నావు, అంతే. లోపల మందుందో నీళ్ళున్నయ్యో లేబులోడికెందుకు?"

వెంకటేష్‌గారి బుర్ర వెంకటేష్‌గారి కొట్టంత శుభ్రంగా ఉంటుంది. నిజమే, నాకేం పట్టింది. నేను భాష వరకే.

మార్చి 16

దొరికింది! 'అబ్టెయిన్డ్'.

ఇరవై ఎనిమిది రోజుల బలాలు ఈ విధంగా పొందబడినవి. పరీక్షించి పొందారా, గుణించి పొందారా, కలలో పొందారా, ఆ క్రియ చెప్పదు. అబద్ధం ఒక్కటీ లేదు. హెచ్‌ఓడీకి గట్టిగా కనిపిస్తుంది, నాకు మెత్తగా ఉంటుంది. ఈ ఒక్క మాట పెట్టాలంటే ఎంత ఇంగ్లీషు రావాలి! ఎవరికి తెలుస్తుంది ఈ పనితనం?

తెలుగులో ఈ పప్పులుడకవు. 'పొందబడినవి', 'పరీక్షించబడినవి' అని ఇంట్లో ఎవరైనా అంటే జ్వరమొచ్చిందేమో అనుకుంటారు. చేశాను, చేశావు, చేశాడు. తెలుగులో క్రియ తోకకి మనిషి వేలాడుతూ ఉంటాడు, దొరికిపోతాడు. మా అమ్మమ్మ భాషలో అబద్ధమాడాలంటే మనిషి మొహం చూసి ఆడాలి, నోరు రాదు. అందుకే ఈ పనులకి ఇంగ్లీషు పెట్టుకున్నాం.

సాదియాకి చూపించాను. చాలాసేపు చదివింది.

"ఎవురూ తప్పు పట్టలేరా అక్కా?"

"బ్రహ్మదేవుడు దిగొచ్చినా పట్టలేడు."

"అది కాదక్కా. గోడ కడతన్నారు గదా. ఒక్క నాలుగిటుకలు మా ఇంటికి తీసకపోయి తొట్లో నానబెట్టనా?"

"పగిలితే ఏం చేస్తావు? ఆయన దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తావా? నీ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉన్నాయో గుర్తుందా?"

 ఉద్యోగంలో చేరిన రోజే మా అందరి ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పదో తరగతి నుంచి ఎంటెక్ దాకా ఆ పిల్ల బతుకంతా అందులోనే ఉంది. వాళ్ళింట్లో అంత చదువు చదివింది అదొక్కతే. అందుకే హెచ్చరించాను. నేను కాకపోతే ఎవరు చెబుతారు దానికి?

ఏప్రిల్ 10

కమిటీ వచ్చింది, చూసింది, తిన్నది, వెళ్ళింది. నాగభూషణరావుగారికి శాలువా కప్పారు. బస్ షెడ్డు గోడ ముందు అందరం ఫోటో దిగాం. రిపోర్ట్ అట్ట మీద మూడు పేర్లు. మూడోది నాది. ఫోటో తీసి మా అక్కకి పంపాను. "ఇంజనీరింగ్ రీసెర్చ్ కూడా చేస్తున్నావా!" అంది. అవునన్నాను.

మే 4

ఎండలు. గోడ ముచ్చటగా ఉంది. ఊరికే భయపడింది సాదియా.

జూన్ 19

మొదటి వాన. నరసరావుపేట రోడ్లన్నీ బురద. మనసుకి హాయిగా ఉంది.

జూన్ 23

మూడు రోజులుగా ముసురు. ఇంటర్వెల్‌లో సాదియా చెయ్యి పట్టుకుని బస్ షెడ్డు వెనక్కి లాక్కెళ్ళింది. కాలేజీ వైపు గోడకి రంగు వేసి 'గ్రీన్ క్యాంపస్' అని రాయించారు కదా, అటు ఏం తెలియదు. వెనకవైపు రంగు లేదు. ఇటుకల మీద పేలాల్లా తెల్లగా పొక్కులు. సాదియా గోరుతో గీకితే ఒక పెచ్చు ఊడి చేతిలో పడింది. లోపల తెల్లటి పిండి.

"చూశారా అక్కా. తాగతంది నీళ్ళు."

"హెచ్‌ఓడీకి చెప్పావా?"

"పొద్దునే చెప్పా. ప్లాస్టరింగ్ చేయిస్తా పో అన్నాడు. ప్లాస్టరింగ్ చేస్తే పైకి కనపడదు, అంతే గదక్కా. లోపల ఉబ్బేది ఉబ్బుద్ది. మీరు గూడా ఒక మాట చెప్పండక్కా. మీ మాటైతే వింటాడు. మీ పేరు గూడా ఉంది గదా దాని మీద."

చివరి మాట నాకు నచ్చలేదు. అయినా రేపు చెబుతానన్నాను.

షెడ్డులో ఆయా చిన్నారి గోడకి ఆనుకుని కూర్చుని వేరుశనక్కాయలు వొలుస్తోంది. సాదియా దాని దగ్గరికెళ్ళి "ఈడ కూచోబాక చిన్నారీ, అటు చెట్టు కిందకి పో" అంది. "వానకి చెట్టు కింద కూచోమంటావేందమ్మా?" అని నవ్వింది చిన్నారి.

జూన్ 24

హెచ్‌ఓడీ గుంటూరు వెళ్ళారు. రేపు.

జూన్ 25

తలనొప్పి. సగం రోజు సెలవు పెట్టాను.

జూన్ 27

ఆయన గది దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు. నాకు క్లాసుంది. రేపు తప్పకుండా.

జూన్ 30

గోడకి ప్లాస్టరింగ్ చేశారు. నీటుగా ఉంది. ఇంక చెప్పడానికేముంది? సాదియా ఎదురైతే అదే అన్నాను. నన్ను అలా చూస్తూ నిలబడింది. ఆ చూపేంటి? చిన్నాపెద్దా ఉండక్కర్లేదా?

జూలై 8

గోడ కూలింది.

మధ్యాహ్నం, ఆడపిల్లలంతా క్లాసుల్లో ఉన్నప్పుడు. దేవుడి దయ. షెడ్డులో చిన్నారి ఒక్కతే ఉంది. కుడికాలు నుజ్జయింది. గుంటూరు తీసుకెళ్ళారు. అందరూ పరిగెత్తుకెళ్ళారు. సాదియా ఒట్టి చేతులతో ఇటుకలు తీసిపారేస్తోంది, ఏడుస్తూ. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. 

జూలై 9

చిన్నారికి ఆపరేషన్. కాలు ఉంచారట గానీ ఇదివరకటిలా నడవదట.

మా ఆయన పొద్దున్నే పేపర్ చదువుతూ ఒక్కసారిగా ఆపేశాడు. నకిలీ మందుల కేసు, మాచర్ల వైపు ఎక్కడో.

"ఏంటండీ?" అన్నాను.

"ఏం లా. లేబుల్ అంటించినోణ్ణి గూడా తీసకపోయారంట లోపలికి."

పేపర్ మడిచి పక్కన పడేశాడు. తర్వాత ఆయనే అన్నాడు: "ముందు నీ పేరు తీయించుకో పో."

జూలై 10

నాగభూషణరావుగారిని అడగాల్సిన పని కూడా పడలేదు. "నీదేముందమ్మా, నువ్వు భాష దిద్దావు, మర్యాదకి పేరు పెట్టాం" అన్నారు. సాయంత్రానికి వెబ్‌సైట్లో కొత్త అట్ట. రెండే పేర్లు. మూడు నెలల కింద ఆ మూడో పేరు కోసం ఎంత మురిశానో, ఇవాళ అది లేనందుకు అంతకంటే ఎక్కువ మురిశాను. నిజానికి అది నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. మొహమాటానికి ఒప్పుకున్నాను.

జూలై 15

ఎంక్వైరీ. ప్రిన్సిపాల్‌గారు, మేనేజ్‌మెంట్ తరఫున ఇద్దరు. సాదియా బయట బెంచీ మీద కూర్చుని ఉంది, పక్కన వాళ్ళ నాన్న. పనిలోంచి సరాసరి వచ్చినట్టున్నాడు, చేతులకి గ్రీజు అలాగే ఉంది. నేను లోపలికి వెళుతుంటే లేచి నిలబడి "సలాం మేడమ్" అన్నాడు. మా పాప మీ గురించే చెబుతుంటుందని కూడా అన్నాడు.

నాగభూషణరావుగారు అప్పటికే చెప్పేశారు. లెక్కలన్నీ ఆ అమ్మాయే ఇచ్చింది, నమ్మాను, నమ్మడమే నా తప్పు, అని.

ప్రిన్సిపాల్‌గారు నన్నడిగారు: "టెస్ట్ చెయ్యలేదని మార్చిలోనే మీకు చెప్పానంటోంది సాదియా. నిజమేనా మేడమ్?"

"నేను భాష వరకే సార్. ఏ క్రియ వాడాలో మాట్లాడుకున్నాం."

"చెప్పిందా, లేదా?"

"టెక్నికల్ విషయాలు నాకు అర్థం కావు సార్."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరే మేడమ్, వెళ్ళండి అన్నారు. లేదని అనలేదు నేను. గమనించాలి. ఎక్కడా లేదని అనలేదు.

జూలై 21

ఇంతకంటే దరిద్రం ఉంటుందా! ఎంక్వైరీ రిపోర్ట్ ఇంగ్లీషు దిద్దమని నా బల్ల మీదికే వచ్చింది. అటెండర్ పున్నయ్య ఎప్పటిలాగే పడేసి వెళ్ళాడు, ఇన్నాళ్ళూ సెలవుచీటీలు పడేసినట్టే.

చదివాను. సాదియా 'ఫ్యాబ్రికేటెడ్' అని రాశారు. లేని లెక్కలు పుట్టించిందట. ఆ మాట పడితే ఆ పిల్లకి ఇంకే కాలేజీలోనూ ఉద్యోగం రాదు. నాకు నిజంగా ఒళ్ళు మండింది. ప్రిన్సిపాల్‌గారి గదికెళ్ళి గట్టిగానే మాట్లాడాను. ఆడపిల్ల భవిష్యత్తు సార్, ఈ క్రియ చాలా పెద్దది సార్, ఇది రుజువు కావాల్సిన మాట సార్, అని. విసుక్కుని "మీ ఇష్టం, ఏదో ఒకటి పెట్టండి" అన్నారు. 'తగినంతగా సరిచూసుకోలేదు' అనే అర్థం వచ్చేలా మార్చాను. నా ఇంగ్లీషు ఒకళ్ళకి మేలు చేసింది ఇవాళ.

రెండో పేజీలో ఇంకో వాక్యం ఉంది. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌కి ముందే తెలియజేశానని సాదియా 'క్లెయిమ్డ్', అది నిర్ధారణ కాలేదు, అని.

ఆ వాక్యంలో తప్పులేమీ లేవు. అలాగే ఉంచాను.

జూలై 26

ఆదివారం కాదు, అయినా నేను కాలేజీకి వెళ్ళలేదు. పదింటికి సాదియానే ఇంటికి వచ్చింది. తప్పంతా తనదేనని ఇంగ్లీషులో రాసిచ్చి రాజీనామా చేస్తే సర్టిఫికెట్లు ఇస్తారట. లేకపోతే కేసు తేలేదాకా బీరువాలోనే.

"రాసిపెట్టండక్కా. మీ ఇంగ్లీషు మీద వంక పెట్టరు గదా."

కూర్చోబెట్టి ముందు ఫ్యాబ్రికేటెడ్ సంగతి చెప్పాను. ఎలా కొట్లాడి తీయించానో అంతా చెప్పాను. అది సంతోషిస్తుందనుకున్నాను.

"రెండో పేజీ గూడా మీరే దిద్దారా అక్కా?" అంది.

దాని చేతిలో కాపీ ఉంది. నేను చూసుకోలేదు.

"ఆ రోజు క్లాసులో రాసుకున్నా నేను. క్లెయిమ్డ్ అంటే నమ్మట్లా అని అర్థమంట. మీరే చెప్పారు."

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. లేచి వెళ్ళి కట్టేసి, కాస్త ఆలస్యంగానే వచ్చాను. ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. 'పొరపాటు జరిగినందుకు చింతిస్తున్నాను' అని మెత్తగా, ఎటూ తగలకుండా. బాగా కుదిరింది.

"ఇంకొక్క ముక్క రాయండక్కా చివర్లో," అంది. "పూర్ణిమ మేడమ్ అడిగింది, నేను చెప్పా. అంతే. దానికి పెద్ద ఇంగ్లీషు గూడా అక్కర్లా, మూడో తరగతి పిల్లలు రాస్తారు."

"అది రాస్తే నీ సర్టిఫికెట్లు ఇవ్వరే పిచ్చిదానా. నీ కోసమే చెబుతున్నా."

"నా కోసమా అక్కా?"

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కాగితం మీద చోటుంది. సాదియా ఎదురుచూసింది. అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది, నేను కూడా అరిచేదాన్ని.

కాసేపటికి తనే కాగితం లాక్కుని సంతకం పెట్టింది. "మిమ్మల్ని అక్కా అన్నా చూడండి, దానికి తిట్టుకోవాల నన్ను నేను," అని లేచింది. కాఫీ కలిపాను. అలాగే ఉండిపోయింది.

ఆగస్టు 2

సర్టిఫికెట్లు ఇచ్చేశారట. మంచిదే. అందుకే ఆ ముక్క రాయలేదు నేను.

ఆగస్టు 5

పిడుగురాళ్ళ నుంచి వచ్చే బస్సులో సాదియాలాంటి అమ్మాయి కనిపించింది. కాదు.

ఆగస్టు 12

నాగభూషణరావుగారు కొత్త రిపోర్ట్ పంపారు. ఈసారి దుర్గి శిల్పులు చెక్కగా రాలిన రాతిపొడి. మూడో పేరు నాదేనట. ఒక పట్టిక కింద ఎలా చేశారో అర్థం కాలేదు. తెచ్చిన కుర్ర లెక్చరర్ ఎదురుగా నిలబడ్డాడు, అడిగితే చెప్పేట్టే ఉన్నాడు.

అడగలేదు. అబ్టెయిన్డ్ పెట్టాను.

ఆగస్టు 20

ఇవాళ రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

చిన్నారి డ్యూటీలో చేరింది. మేనేజ్‌మెంట్ వాళ్ళు దయతలచి కూర్చునే పని ఇచ్చారు. లేడీస్ స్టాఫ్ రూము బయట స్టూలు, పక్కన చేతికర్ర. నేను వెళ్ళేసరికి లేవబోయింది. వద్దు వద్దని భుజం పట్టి కూర్చోబెట్టాను. తెచ్చిన యాపిల్స్ ఇచ్చాను. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాగి కాలు చూపించింది. నేను కిటికీలోంచి బయటకి చూశాను.

"సాదియమ్మ నిన్న ఇంటికొచ్చింది మేడమ్," అంది. "మా పిల్లకి గౌను గూడా తెచ్చింది. బట్టీల కాడ ఏదో ఆఫీసులో రాసుకునే పనంట. ఆ పిల్ల ఆ రోజు చెప్పింది నాకు, ఈడ కూచోబాక అని. నేనే విన్లా. వానగా ఉందని ఈడే కూచున్నా. ఎవుర్నని ఏం లాభం."

"అవును," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

యాపిల్ పండు ఒకటి తీసి కొంగుతో తుడుచుకుంది. కొరకలేదు. నా మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఊరికే తెలుసుకుందామన్నట్టు ఉంది.

"మేడమ్, మీకు గూడా చెప్పిందా ఆ పిల్ల? గోడ సంగతి?"

ఆ ప్రశ్నలో దాక్కోవడానికి చోటు లేదు. కమిటీ లేదు, కాగితం లేదు, ఇంగ్లీషు లేదు. చెప్పిందా, చెప్పలేదా. రెండే మాటలు. నేను ఈ డైరీలోనే ఎక్కడో రాసుకున్నాను, తెలుగులో అబద్ధమాడాలంటే మనిషి మొహం చూసి ఆడాలి, నోరు రాదు అని. వెనక్కి తిప్పి చూశాను ఇప్పుడే. మార్చి పదహారు. మిరపలో కాయకుళ్ళు పేజీ.

నోరు వచ్చింది. తడబడను కూడా లేదు. దాని కళ్ళలోకి చూస్తూనే అన్నాను:

"లేదు చిన్నారీ. నాకెవరూ చెప్పలేదు."

"అట్టనా," అని పండు కొరికింది.